జాన్ బాషా మాస్టారి ప్రాక్టికల్ పరీక్ష

"ఎనిమిదో తారీఖునే చేరారు. ఆ పొద్దున నేను సేమియా చేసి పంపించాగా!" అని మాస్టారి శ్రీమతి రహిమున్నీసా గారు మూడోసారి అన్నారు.

"సర్వీసు రిజిస్టర్లో తొమ్మిదని ఉందిగా!" అని జాన్ బాషా గారూ మూడోసారి అన్నారు.

ఈ వీడ్కోలు సంచిక కోసం అడిగిన చిన్న వివరం ఆ ఇంట్లో తగవై కూర్చుంది. 1994 జూలై 8న శ్రీ జాన్ బాషా గారు ఉత్తర్వు పట్టుకుని పర్చూరు సమీపంలోని మా ఉన్నత పాఠశాలకు వచ్చిన మాట నిజమే. అయితే పై తరగతుల పిల్లలకు చేతిపనులూ, జీవన నైపుణ్యాలూ నేర్పే మాస్టారిని ఏ గదిలో కూర్చోబెట్టాలో ఎవరికీ పాలుపోక, సంతకం మర్నాటికి వాయిదా పడింది. కాబట్టి ఇద్దరి మాటా సత్యమే.

అసలు తగవు తేదీది కాదు. పదవీ విరమణ కాగానే బ్రాడీపేటలోని కుమార్తె సమీరా ఇంటికి మారిపోతామని మాస్టారు మాట ఇచ్చేశారు. ఇక్కడేమో మహిళా సంఘం తన కారం మిల్లు బాధ్యతను రహిమున్నీసా గారికి అప్పగిస్తామంది.

"ముప్పై ఏళ్లు మీ ట్రాన్స్‌ఫర్ల వెంట తిరిగా. ఈ ఒక్కటీ నాకోసం అడుగుతున్నా."

"పొద్దున్నే ఏడింటికి నువ్వు మిల్లుకెళ్తే, మరి ఇల్లో?"

"అది మీరే చెప్పాలి. మాస్టారు కదా!"



ఏం చెప్పాలో తోచకపోవడం మాస్టారికి కొత్త కాదు. పాఠ్యపుస్తకం లేని, టైంటేబుల్లో స్థిరమైన చోటు లేని ఆ విషయాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తొలి ఏడాదంతా తికమకపడ్డారు. క్రమంగా ఫ్యూజు కట్టడం, మోటారు స్టార్టరు విప్పి బిగించడం, బ్యాంకు ఫారం నింపడం, కొత్తవారితో తొణకకుండా మాట్లాడడం పిల్లలకు అలవాటు చేశారు. "ఇవి పరీక్షలో వస్తాయా సార్?" అని అడిగినవారికి, "బయటికెళ్లాక వస్తాయి" అనేవారు.

2004లో పొదిలికి బదిలీ అయ్యారు. అక్కడి ప్రాక్టికల్స్‌లో వంట కూడా ఒక అంశం. రికార్డు పుస్తకంలో ప్రెషర్ కుక్కర్ బొమ్మ గీసి, భాగాలు గుర్తించిన మగపిల్లలకు వారు ఇరవైకి ఇరవై వేశారు. అన్నం వండి చూపిన మహిమ అనే విద్యార్థినికి, బొమ్మ వంకరపోయిందని పన్నెండు వేశారు.

"సార్, తిన్నది నా అన్నం, మార్కులేమో వాళ్ల బొమ్మకా!" అంది ఆ అమ్మాయి.

రెండు రోజులు అయోమయంగా తిరిగిన మాస్టారు, మూడో రోజు రికార్డులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, అందరికీ మళ్లీ అన్నం వండే పరీక్ష పెట్టారు. అన్నం ఎంత ఉడికితే ఎన్ని మార్కులో తనకే తెలియదని గ్రహించి, మహిమను పక్కన నిలబెట్టుకుని, ఆమె మెతుకు నలిపి చెప్పిన ప్రకారం మార్కులు వేశారు. ఒక మిరప రైతు కోపంగా వచ్చి, "ఏం సార్, మావాడి చేతికి గరిటిచ్చారంట?" అని నిలదీస్తే, "మోటార్లన్నీ ఆడపిల్లలు తీసేసుకున్నారండీ, మీవాడికి గరిటే మిగిలింది" అన్నారట.

2013లో తిరిగి మా పాఠశాలకు విచ్చేసి, ఈ నెలాఖరుకు ముప్పై ఒక్క ఏళ్ల సేవను ముగిస్తున్నారు. ఒంట్లో ఓపికా, మాటలో చమత్కారమూ తరగకుండా వారు సతీసమేతంగా నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని సహోద్యోగులందరి ఆకాంక్ష.

మొన్న ఆదివారం సామాన్లు సర్దడానికి సమీరా, అల్లుడు సాదిక్ వచ్చారు. అందరూ భోజనాలకు కూర్చున్నారు.

"నాన్నా, లారీ ఏ రోజుకి మాట్లాడమంటావు?" అని సమీరా అడిగింది.

మాస్టారు కొంచెం మజ్జిగ పోసుకున్నారు.

"లారీ వద్దమ్మా. ఒకటో తారీఖు నుంచి మీ అమ్మ మిల్లుకెళ్తుంది. వంట నేను చేస్తా."

"మీకు వంటొచ్చా మామా?" అన్నాడు సాదిక్.

"రాదు," అన్నారు వారు నెమ్మదిగా. "నేర్చుకుంటా."