పదిహేడో నంబరు పొగరు

1946 అక్టోబరు. అమెరికాలోని అయోవాలో ఓ కాలేజీ మైదానం, చేత్తో కూడా బంతి విసిరే అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. చెక్కమెట్ల మీద ఓ ముసలి రైతు, పక్కన ఓ అమ్మాయి.

"చూశావా అమ్మాయ్, పరిగెత్తేదీ వాడే, విసిరేదీ వాడే, తన్నేదీ వాడే. పదిహేడో నంబరు ఉండగా మిగతా పదిమందీ దండగ."

"అవునండీ."

"పొగరు మాత్రం కొండంత. ఇంతమందిమి గొంతు చించుకుంటున్నామా, ఒక్కసారి తలెత్తడు. యుద్ధానికి పోకముందు చెయ్యి ఊపేవాడు."

"ఇప్పుడు వినపడదండీ. బెల్జియంలో పక్కనే ఫిరంగి గుండు పేలి రెండు చెవులూ పోయాయి. బంతి అందించేవాడి వేళ్ళు కదిలితే కదులుతాడు."

"నీకెవరు చెప్పారు?"

"నేను ఆయన భార్యనండీ."

రైతు లేచి నిలబడి టోపీ తీశాడు.

"ఒరేయ్, అరిచింది చాలు. అందరూ లేచి టోపీలు ఊపండ్రా... పై మెట్ల మీద వాళ్ళు కూడా. అదిగో తల్లీ, మీ ఆయన తలెత్తాడు."

"మీ టోపీ ఒకసారి ఇలా ఇవ్వండి."