ఎవలి బొక్క పెడ్తరు

మళ్ల గదే ఆపరేషన్ కాయితం పట్టుకోనొచ్చినవా, ఉషా బిడ్డా? పొద్దటిసంది మూడుసార్లాయె. నర్సువు నువ్వు, నీ డ్యూటీ నువ్వు చేస్తున్నవ్, కాదంట లేను. గని సంతకం పెట్టేటోన్ని నేను. నడుం నాది.

తాటిచెట్టు మీదికెల్లి పడి పన్నెండు రోజులాయె. విరిగిన ఎన్నుపూస కదలకుంట స్క్రూలు బిగిచ్చి, నడుమ బొక్క, మీ మాటల ఎముక, పెట్టి అతికిస్తరట. బాగనే ఉంది. ఎవలి బొక్క? గదడిగితె డాక్టర్ సారు మూడు తీర్ల చెప్పిండు. ఒక్కటి చెప్తె నమ్ముదును. మూడు చెప్పేటోన్ని ఎట్ల నమ్మాలె?

నా తుంటిల కెల్లే తీస్తె బాగ అతుకుతదట. తీసిన కాడ నెలల తరబడి నొస్తదట గని. ఇరవయ్యారేండ్ల సంది చెట్టెక్కే మోకు బరువంత మోసింది గీ తుంటే. మత్తుల పన్నోడు ఎంత తీసిన్రని చూస్తడా?

ఎవలో సచ్చినాయన బొక్క పెడ్తె తుంటి కొయ్యవడదట. కడిగి, పరీక్ష చేసి దాస్తరట. పేరేంది, ఏ ఊరు అంటె చెప్పరట. మా ఇండ్లల్ల మూడో నాడు బొక్కలేరి నీళ్లల్ల కలుపుతం, చిన్న ముక్క ఇడువం. గాయనది నా నడుంల ఉంటె, గాయనను కలిపినట్టా, కలపనట్టా? నవ్వకు బిడ్డా.

ఇగ మూడోది పొడి. కంపెనీల చేస్తరట, మెల్లమెల్లగ అండ్లనే మన బొక్క పెరుగుతదట. పొడి సంగతి కల్లు గీసే గౌండ్లోనికా చెప్పేది? కల్లుల పొడి కలిపేటోళ్లను కండ్లార చూసిన.

ఏందంటున్నవ్? కాలు తిమ్మిరా? అవ్, మోకాలు దాటింది. ఇయ్యాల సంతకం పెట్టకుంటె కాలు పడిపోవచ్చని సారు చెప్పిండు. ఇన్న.

గా తలుపు దగ్గరికెయ్యి. మా పద్మమ్మ చాయ్‌కు పోయింది, వచ్చేలోపల చెప్త. మంచిదే నా పెండ్లాం. మా గౌండ్ల సంఘం కాడికి పోయి, మా ఆయన లేస్తడు, ఆయన వంతు చెట్లు ఎవలకియ్యకున్రి అని మాట తీస్కోనొచ్చింది. మంచిగ అతికితె ఏడాదికి చెట్టెక్కొచ్చని సారు అన్నకాన్నుంచి ఆమె మొఖం ఎలిగిపోతుంది.

అతకదని కాదు బిడ్డా నా అనుమానం. అతుకుతదని భయం. చెట్టు యాదికొస్తెనే అరచేతులు చెమట పడ్తున్నయ్. గౌండ్లోడు చెట్టుకు భయపడ్డడంటె ఎవలకు చెప్పుకోవాలె?

సారును ఇంకో కాయితం రాయమను, ఈడు జన్మల చెట్టెక్కద్దని. గది రాసిస్తె, నాదో, సచ్చినాయనదో, పొడో, ఏదన్న పెట్టుకోన్రి.