కుందేళ్ళకు పోసిన నీళ్ళు

1958. మార్కాపురంలో డాక్టర్ చంద్రశేఖరరావు గారి ఆసుపత్రి పెరడు. కుందేళ్ళను సాకే మల్లయ్య లోపలికి పోకుండా బోన్ల దగ్గరే నిలబడిపోయినాడు. డాక్టరే బయటికి వచ్చినాడు.

“అది కాదయ్యా. ఆ తాగుడు మాన్పే గోళీలు మనుషులకు ఇయ్యొద్దంటున్నా.”

“ఎందుకు ఇయ్యకూడదు? పన్నెండు కుందేళ్ళకు గోళీ వేసినాం, పైన సారా పోసినాం. ఒక్కటన్నా చచ్చిందా?”

“చావలేదు.”

“చెవి కూడా ఎర్రబడలేదు. గోళీ మీద సారా పడితే ఒళ్ళు మండాల, వాంతి రావాల. అప్పుడే తాగేవాడు మళ్ళీ దాని జోలికి పోడు. అరగోళీకి ఏమీ కాలేదు, ఒకటికీ కాలేదు. మూడు దాకా పోయినా.”

“మూడుకూ కాలేదు. తెలుసయ్యా.”

“అందుకే మనిషికి కూడా గట్టి మోతాదే ఇచ్చినా.”

“ఇచ్చినారా?”

“నిన్న సాయంత్రం ఒకామె వచ్చి ఏడ్చింది. మొగుడు తాగుడు మానడంట. గోళీలు నూరి, పొట్లం కట్టిచ్చి, రాత్రికి సంగట్లో కలిపి పెట్టమన్నా.”

“ఎవరయ్యా ఆమె?”

“పేరు చెప్పనని మాటిచ్చినా. నీకెందుకు?”

“మనిషిని పంపండి. వాణ్ణి తాగొద్దని చెప్పమనండి.”

“ఏంది మల్లయ్యా, సంగతేంది?”

“ఏం లేదయ్యా. కుందేలు వేరు, మనిషి వేరు గదా.”

“ఇది చెప్పేదానికా పొద్దున్నే వచ్చినావు?”

“కుందేళ్ళకు సారా పడలేదయ్యా.”

“పడలేదంటే?”

“గొట్టంలో నీళ్ళు పోసినా.”

“ఎన్నిటికి?”

“అన్నిటికీ.”

“మరి సారా? పర్మిట్టు మీద తెప్పించి నీ చేతికే ఇస్తిని గదా.”

“నేను తాగినా. వాసన రావాలని వాటి మూతులకు రెండు చుక్కలు పూసేవాణ్ణి.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“మొదటి నుంచీ. మీరు మనుషులకు ఇయ్యబోతున్నారని నిన్న కాంపౌండరు చెప్పినాడు. రాత్రంతా నిద్ర పట్టలా. ఈ పొద్దు ఒకదానికి నిజం సారానే పోసి చూసినా.”

“ఏమైంది?”

“పావుగంటకు చెవులు నెత్తురు ముద్దలైనాయి. రొప్పి రొప్పి చచ్చిపోయింది. అదిగో, ఆ గోనెపట్ట కింద ఉంది.”

“దానికి ఎన్ని గోళీలు వేసింటిమి?”

“ఒకటే.”

“మల్లయ్యా, ఇట్ల చూడు. ఈ పొద్దు నువ్వు తాగినావా?”

“మీకు చెప్పేదానికి ధైర్యం చాల్లేదయ్యా. సీసాలో మిగిలిందంతా తాగేసినా.”

“ఎంతసేపయింది?”

“ఇప్పుడే. ఎందుకట్ల చూస్తారు?”

“రాత్రి ఇంట్లో ఏం తిన్నావు?”

“సంగటే. మా చెన్నమ్మ పక్కన కూర్చోని కడుపు నిండా పెట్టింది. చానా దినాలైంది, అది నాతో అట్ల మాట్లాడి.”

“ఆ బల్ల మీద పడుకో. చొక్కా విప్పు.”

“అయ్యా, నిన్న వచ్చింది ఎవరు?”

“పడుకోమంటున్నా గదా.”

“చెన్నమ్మేనా?”

“మాట్లాడొద్దు. మెల్లగా ఊపిరి తీసుకో.”

“దానికి చెప్పొద్దయ్యా. కుందేలు కరిచి పోయినాడని చెప్పండి.”