గోడ ముందు మనిషి

పాత మడత కెమెరాకు కొత్త తోలుతిత్తి అతికించి, పెరటి గోడకు ఎదురుగా స్టాండు మీద నిలబెట్టాడు మొగుడు. ఫోటో పడే గాజు ప్లేటు ఒక్కటే మిగిలింది. ఆ కొలతవి ఇప్పుడు ఎవడూ చెయ్యడం లేదు. పెళ్ళాం వచ్చి సరిగ్గా గోడ ముందు నిలబడింది.

“అడ్డం లేవే. లెన్సు పరీక్షించాలి.”

“నన్ను తీసి పరీక్షించండి.”

“మనిషి మీద ఏం తెలుస్తుంది? ఇటుకలైతే వంకర ఇట్టే పట్టేస్తాను.”

“కొన్న ప్రతి కెమెరాతోనూ ఈ గోడనే తీశారు. దీనికున్నన్ని ఫోటోలు సినిమావాళ్ళకి కూడా ఉండవు. నాకు పెళ్ళిఫోటో తప్ప ఇంకోటుందా?”

“గోడ కదలదు.”

“మీ ఇంటికొచ్చాక నేనెక్కడికి కదిలానట?”

ఆయన కెమెరా వెనక నల్లగుడ్డలోకి దూరాడు.

“పోనీ, కాస్త ఎడమకి జరుగు. మూల ఇటుకలైనా కనబడనీ.”

“జరగను. ఉన్నది ఒక్క ప్లేటు. గోడో నేనో తేల్చుకోండి.”

గుడ్డ కిందనుంచి చెయ్యొకటి బయటికొచ్చి లెన్సు మర పట్టుకుంది. తర్వాత లెన్సు రవ్వంత ముందుకు జరిగింది.

“నీ మొహం తేటపడేసరికి ఇటుకలన్నీ మసకబారిపోయాయి,” అన్నాడు, నష్టం చెప్పుకుంటున్నట్టు.

“పోనివ్వండి,” అంది ఆవిడ, పెదవి కదపకుండా.