పదిహేడో ప్రశ్న

“తప్పు. మళ్ళీ చెప్పు.”

“ఎన్నిసార్లు చెప్పమంటావే?”

“రైటు వచ్చేదాకా. పదిహేడో ప్రశ్న. పైకి వెళ్తున్న లిఫ్టులో ఒక మనిషి బరువు మిషను మీద నిలబడ్డాడు. ఎంత చూపిస్తుంది?”

“ఎంతుంటే అంత.”

“తాతయ్యా!”

ఎనిమిదంతస్తుల భవనంలో, కింద ఆగి ఉన్న లిఫ్టు అది. పనిముట్ల పెట్టె మీద పదో తరగతి మనవరాలు పుస్తకం పట్టుకుని కూర్చుంది. ఎదురుగా, ముప్పై నాలుగేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్న తాత చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కంపెనీ మెకానిక్కులకి పెట్టిన పరీక్షలో ఆయన ఒకసారి తప్పాడు. రేపు రెండోసారి, అదే ఆఖరిసారి.

“పుస్తకంలో ఏముంది? ‘పైకి వెళ్తున్నంతసేపూ ఎక్కువ చూపిస్తుంది.’ నాలుగే మాటలు. నోటికి రావట్లేదా?”

“నోటికి వస్తున్నాయి. చెయ్యే రాయనంటోంది.”

“పోయినసారి ఎన్ని మార్కుల తేడాతో తప్పావ్?”

“నీకు తెలీదా?”

“నువ్వు చెప్పాలి.”

“ఒక్క మార్కు.”

“ఏ ప్రశ్నకి పోయింది?”

“పదిహేడు.”

“మిగతా మెకానిక్కులంతా పాసయ్యారుగా?”

“కళ్ళు మూసుకుని పుస్తకం దించేశారు. పాసవరా మరి.”

“ఈసారి కూడా పోతే?”

“లిఫ్టు ముట్టుకోనివ్వరు. గేటు దగ్గర కుర్చీ వేస్తారు. వచ్చే కారుకీ పోయే కారుకీ సలాం కొడుతూ కూర్చోవాలి. పరీక్ష పెట్టింది మీ నాన్న. పుస్తకం అచ్చేయించింది మీ నాన్న. మామగారన్న మొహమాటం కూడా లేకపోయింది.”

“నాన్నేం చేస్తాడు? పుస్తకంలో ఉన్నదాన్ని బట్టే మార్కులు.”

“పుస్తకంలో ఉన్నది తప్పయితే?”

“తప్పెందుకవుతుంది? అచ్చయిందిగా.”

“మీ అమ్మ పెళ్ళి శుభలేఖలో నేను కాలం చేసినట్టు అచ్చేశారు. అచ్చయిందని పోయానా?”

“మాట మార్చకు. కారణం చెప్తా, విను. లిఫ్టు పైకి పోతుంటే నేల మన కాళ్ళని పైకి తోస్తూ ఉంటుంది. కాబట్టి ఎక్కువ. ఈ లెక్కకి మా క్లాసులో నాకు అయిదుకి అయిదు.”

“మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్యలో కూడా ఎక్కువేనా?”

“పైకేగా వెళ్తోంది? ఎక్కువే.”

“చూశావా?”

“చూడ్డమేంటి? లెక్క చేశా.”

“ముప్పై నాలుగేళ్ళు లిఫ్టుల్లో నిలబడ్డానే. నా మోకాళ్ళకి తెలీదా?”

“మోకాళ్ళకి మార్కులు వెయ్యరు తాతయ్యా.”

“లే.”

“ఎందుకు?”

“లేవమన్నానా? ఆ సంచీలో ఏముందో తియ్యి.”

“ఇది... ఇది అమ్మ బరువు మిషను! అమ్మకి తెలుసా?”

“మీ అమ్మ దాని మొహం చూసి ఆరు నెలలైంది. ఎక్కు.”

“ఎక్కా.”

“ముల్లు ఎక్కడుంది?”

“నలభై రెండు మీద.”

“ఎనిమిది నొక్కుతున్నా. ముల్లు మీంచి చూపు తీశావో, ఊరుకోను.”

“అబ్బా! నలభై ఆరు! నలభై ఆరు తాతయ్యా! పెరిగిందా లేదా? ఎవరు రైటు? పుస్తకం రైటు! ఒప్పుకో. ముందు ఒప్పుకో.”

“చూపెక్కడుంది?”

“నీ మీద. ఓడిపోయిన మొహం ఎలా ఉంటుందో చూస్తున్నా.”

“ముల్లు చూడవే.”

“చూస్తున్నా... నలభై రెండు. అదేంటి?”

“ఎన్నో అంతస్తులో ఉన్నాం?”

“మూడు... నాలుగు. పైకే వెళ్తోందిగా? ఆగలేదుగా?”

“ఆగలేదు.”

“అయితే మిషను పాడైంది.”

“ఇందాక నలభై ఆరు చూపించినప్పుడు?”

“అప్పుడు బాగానే ఉంది. ఇప్పుడే పాడైంది.”

“నీకు నచ్చినంతసేపే బాగుంటుందన్నమాట.”

“లేకపోతే నేను ఊపిరి బిగబట్టి ఉంటా. అందుకే... అయ్యో! ముప్పై ఎనిమిది! తాతయ్యా, తగ్గింది! పైకి వెళ్తూ తగ్గుతుందేంటి?”

“ఎనిమిదో అంతస్తు వచ్చింది. ఆగింది. ఇప్పుడు?”

“నలభై రెండు.”

“ఏమంటోంది మీ పుస్తకం?”

“మా పుస్తకమేంటి? నాదా? నాదని ఎవరన్నారు?”

“అంత ఉలిక్కిపడతావేం?”

“ఏం లేదు. నా కాళ్ళ మీద నాకే అనుమానంగా ఉంది. ఇంకెవరైనా ఎక్కితే బాగుండు.”

తలుపు తెరుచుకుంది. ఎనిమిదో అంతస్తులో ఉండే ఆవిడ లోపలికి వచ్చింది.

“మెకానిక్ గారూ, బాగైందా? కిందికి వెళ్ళొచ్చా? ఇదేంటి, బరువు మిషను? ఇకమీదట మమ్మల్ని తూచి గానీ ఎక్కించుకోరా?”

“మా మనవరాలు నాకు పాఠం చెప్తోందమ్మా.”

“ఆంటీ, ఆంటీ, ఒక్కసారి దీని మీద నిలబడరా?”

“నేనా? ఛ, నేను మిషన్లెక్కను... సరే, మీరిద్దరూ అటు తిరగండి.”

“తిరిగాం. ఎంత ఆంటీ?”

“ఎంతయితే నీకెందుకు? డెబ్భై ఒకటి. చెప్పులతో.”

“తాతయ్యా, కిందికి నొక్కు.”

“అమ్మో! అరవై నాలుగు! ఇటు తిరగండి, ఇటు తిరగండి ఇద్దరూ! అరవై నాలుగు! నేను అనుకుంటూనే ఉన్నా, మా ఇంట్లో మిషనే అబద్ధాలాడుతోందని!”

“ఇప్పుడెంత ఆంటీ?”

“ఇప్పుడా? డెబ్భై ఒకటి. ఇదేం మిషనమ్మా, మాట మీద నిలబడదు!”

“అయిదో అంతస్తు... నాలుగు... ఇంకా అంతేనా?”

“అక్కడే భీష్మించుకు కూర్చుంది. ఇదిగో, ఇదిగో... ఏయ్! డెబ్భై ఎనిమిది! అటు తిరగండి! మెకానిక్ గారూ, మీరు చూశారు!”

“నాకు కళ్ళజోడు లేదమ్మా.”

“ముక్కు మీదుంది! ఈ లిఫ్టు నాకు పడదు. వచ్చేటప్పుడు మెట్లెక్కి వస్తా.”

ఆవిడ విసవిసా వెళ్ళిపోయింది.

“తాతయ్యా.”

“ఊఁ.”

“ఆంటీ బరువు ఎప్పుడెప్పుడు మారింది?”

“పంతులమ్మవి నువ్వు. నన్నడుగుతావేం?”

“బయలుదేరినప్పుడు ఒకసారి. ఆగేటప్పుడు ఒకసారి. మధ్యలో మారలేదు. నాకూ అంతే. అంటే పైకా కిందికా అని కాదు... వేగం మారుతున్నప్పుడే! మధ్యలో వేగం ఒకేలా ఉంది, అందుకని... ఆగాగు. లెక్కలో త్వరణం అని ఉంటుంది. నేనేమో త్వరణమంటే వేగమే అనుకుని...”

“అనుకుని?”

“అంకెలు పెట్టేశా. జవాబు వచ్చేసింది. మార్కులు వేసేశారు.”

“అదంటే ఏంటో ఎవరూ అడగలేదా?”

“అడిగారు. ‘వేగంలో వచ్చే మార్పు రేటు’ అని రాశా. అక్షరం పొల్లుపోకుండా రాశా తాతయ్యా. ఏడాదంతా రాశా.”

“ఏడాదంతా లిఫ్టు ఎక్కలేదా?”

“రోజూ ఎక్కుతాను. మేముండేది ఆరో అంతస్తు.”

“సరే. సంచీ సర్దు. మీ అమ్మ చూడకముందే మిషను దాని చోట్లో పెట్టెయ్యాలి.”

“రేపు ఏం రాస్తావ్?”

“పుస్తకంలో ఉన్నదే. పైకి వెళ్తున్నంతసేపూ ఎక్కువ.”

“అది తప్పు కదా!”

“తప్పే. పొద్దుట్నించీ నువ్వు నూరిపోస్తోంది అదేగా? మీ అమ్మమ్మ పోయాక నాకు మిగిలింది ఈ పనొక్కటే. నాలుగు మాటల కోసం దీన్ని కూడా పోగొట్టుకోను.”

“వద్దు తాతయ్యా. నిజమే రాయి.”

“పోయినసారి నిజమే రాశాను. అడ్డంగా కొట్టేశారు. అలా కొట్టినవాళ్ళని ఈ జన్మలో క్షమించను.”

“తెలీక కొట్టేశారేమో.”

“తెలీనివాళ్ళు పేపరు ముట్టుకోకూడదు. చేతులు విరగ్గొట్టాలి.”

“ఇప్పుడే తెలిసిందేమో.”

“ఎవరికి?”

“ఎవరికో. నీ ఫోన్ ఇలా ఇవ్వు. నాన్నకి చెప్పి జవాబు మార్పిస్తా.”

“మీ నాన్నకా? అచ్చేయించిన పుస్తకంలో తప్పుందని ఒప్పుకుంటాడా? అదీ నా మాట మీద?”

“నీ మాట మీద కాదు. నా మాట మీద.”

“నువ్వెవరివే, కంపెనీ ఇంజినీరువా? నువ్వు మార్చమంటే మార్చేస్తాడా?”

“మార్చేస్తాడు. ముందు నువ్వు క్షమిస్తానని చెప్పు.”

“ఎవర్ని?”

“నాన్నకి పనెక్కువైందని పుస్తకంలో జవాబులన్నీ నేనే రాసిచ్చా తాతయ్యా. పేపర్లు దిద్దింది కూడా నేనే.”