బింతాంగ్ నీలా జట్టు ఎవరిదన్న దావాలో తుమిరా చెప్పినది

నా పేరు తుమిరా. చనిపోయిన కస్మాదీ గారి భార్యను. వయసు డెబ్బై ఒకటి. పెళ్ళికి ముందు నుంచీ బాతిక్ బట్టలకు రంగు వేసే పని చేశాను. చూపు తగ్గాక మానేశాను. బండర్‌సారి ఊళ్ళో రేవు వెనక వీధిలో నా కొడుకు యువోనోతో కలిసి ఉంటున్నాను.

బింతాంగ్ నీలా ఫుట్‌బాల్ జట్టు తన తండ్రిదని, ఆయన తర్వాత తనదని యువోనో వేసిన దావాలో నన్ను సాక్షిగా పిలిచారు. పిలిపించింది నా కొడుకు తరఫు వకీలు. ఏం చెప్పాలో ఆయన నాకు రెండుసార్లు చెప్పారు, నేను విన్నాను. ఇక్కడ మాత్రం నాకు తెలిసిందే చెబుతున్నాను. దేవుని ముందు ప్రమాణం చేశాను.

జట్టు ఎప్పుడు మొదలైందని అడిగిన మీదట చెబుతున్నాను. 1974లో. నెల గుర్తులేదు, వానలు అయిపోయాయి. నేను అప్పుడు హాజీ ముస్తకీం గారి రంగుల కార్ఖానాలో పనిచేస్తున్నాను. శుక్రవారం పడవలు వేటకి వెళ్ళవు, కార్ఖానా కూడా మధ్యాహ్నం నమాజుకే మూసేసేవారు. ఆ సాయంత్రం రంగులవాళ్ళు ఒక పక్క, పడవలవాళ్ళు ఒక పక్క ఆడుకునేవారు. ఇసుకలో ఎండుచేపల పందిళ్ళు ఉండేవి. వాటిని జరిపి ఆడేవారు. ఆడాళ్ళు తిట్టేవారు. ఆట అయ్యాక మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టాలి, కానీ ఎప్పుడూ పెట్టేవారు కాదు.

ఒక శుక్రవారం పక్క ఊరు వెలాహాన్ నుంచి ఒక జట్టు లారీలో వచ్చింది. వాళ్ళకి పేరుంది, ఒకే రంగు చొక్కాలున్నాయి. మా రంగులవాళ్ళు ఆరుగురు, పడవలవాళ్ళు ఏడుగురు ఉన్నారు. అప్పటిదాకా ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు విరగ్గొట్టుకున్నవాళ్ళే. కస్మాదీ లేచి, "మనలో మనం తర్వాత కొట్టుకుందాం, ముందు వీళ్ళ సంగతి చూద్దాం రండి" అన్నాడు. ఆ మాటతో ఒక జట్టు అయ్యారు. చిత్తుగా ఓడిపోయారు. ఓడిపోయి మా అమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని సోయా గింజల టెంపే వేపుడూ అన్నమూ తిన్నారు. అమ్మ వండినదంతా అయిపోయింది. గెలిచినవాళ్ళు కూడా వచ్చి తిన్నారు.

కస్మాదీ గురించి చెప్పమన్నారు. ఆయన మంచి ఆటగాడు కాదు, పరుగెత్తలేడు. నోరు మాత్రం రేవు చివర పడవ దాకా వినబడేది. ఇద్దరు కొట్టుకుంటుంటే వాళ్ళ మధ్య కూర్చుని మూడోవాడి గురించి ఏదో చెప్పి నవ్వించేవాడు. తనకన్నా పెద్దవాళ్ళు కూడా ఆయన్ని కాంగ్ అనే పిలిచేవారు, అన్నా అని.

నీలిరంగు సంగతి. వారం చివర తొట్టిలో మిగిలిన నీలిమందు నీళ్ళు మేం కాలవలో పారబోసేవాళ్ళం. ఒకరోజు కస్మాదీ బనీన్ల మూట పట్టుకుని వచ్చాడు. "పారబోసేదేగా, వీటి మీద పొయ్యి" అన్నాడు.

"ఇవేం బనీన్లు? చేపలు తుడిచారా వీటితో?" అన్నాను.

"పడవల సాలేహ్‌వి అలాగే ఉంటాయి. అతను కూడా అలాగే ఉంటాడు. ముంచు."

ముంచాను. తొట్టిలో రంగు తరిగిపోతూ వస్తుంది కదా, మొదటిది ముదురుగా వచ్చింది, చివరిది ఆకాశం రంగులో వచ్చింది. అవతలి జట్లు నవ్వేవి, పదకొండు మందీ పదకొండు జట్లలా ఉన్నారని. ఎవరూ మళ్ళీ వేయించమని అడగలేదు. ఎవరి నీలం వాళ్ళదే అయిపోయింది. కస్మాదీది చివరిది, అన్నిటికన్నా వెలిసిపోయినట్టున్నది. తర్వాతి ఏడు మా పెళ్ళయింది. ఆ బనీను నేను ఉతికిన వాటన్నిటిలో ఎక్కువసార్లు ఉతికింది.

పేరు ఎవరు పెట్టారని అడిగారు. ఒకరు పెట్టింది కాదు. బింతాంగ్ అన్నది, అంటే చుక్క, సాలేహ్ పడవ పేరు. నీలా అన్నది మా నీలిమందు తొట్టి. పడవలవాళ్ళు తమ పేరు ముందు రావాలన్నారు. రంగులవాళ్ళు మూడు రోజులు అలిగి, ఒప్పుకున్నారు.

1981లో జిల్లా పోటీల్లో ఆడాలంటే జట్టుకి బాధ్యుడిగా ఒక మనిషి పేరు కావాలన్నారు. మా ఇంట్లోనే అందరూ కూర్చున్నారు. గోల్‌కీపర్ సర్పిన్ అన్నాడు, "నీ పేరే రాసెయ్ కాంగ్. సంతకం చేయడం నీకే సరిగ్గా వచ్చు."

మా ఆయన అన్నాడు, "రాస్తాను. రేపు బంతి తగిలి ఎవరి ఇంటి అద్దమో పగిలితే పోలీసులు నా దగ్గరికి వస్తారు, మీరేమో పడవెక్కి పోతారు."

"అందుకేగా నిన్ను రాయమంటున్నది" అన్నాడు సాలేహ్.

వకీలు గారు ఇక్కడ చూపించిన కాగితం అదే. దాని మీది సంతకం మా ఆయనదే, నేను గుర్తుపట్టాను. ఆ మాట ఒప్పుకుంటున్నాను. ఆ కాగితం ఎందుకు రాశారో కూడా చెప్పాను, అది కూడా రాసుకోమని కోరుతున్నాను.

జట్టుని ఎవరైనా కొంటామని ఎప్పుడైనా వచ్చారా అని అడిగిన మీదట చెబుతున్నాను. వచ్చారు. 1990లో, మేం రాష్ట్రం పోటీల్లో చివరి ఆట దాకా వెళ్ళిన ఏడు. రేవులో ఐసు ఫ్యాక్టరీ యజమాని సుబగ్యో గారు మామిడిపళ్ళ బుట్టతో మా ఇంటికి వచ్చారు. మంచి మనిషి. "కస్మాదీ, జట్టుని నాకు ఇచ్చెయ్. నీకు ఏం కావాలో అడుగు" అన్నారు. మా ఆయన చొక్కా వేసుకుని, మర్యాదగా, "రండి బాపక్, అడుగుదాం" అని ఆయన్ని మైదానానికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. అందరూ ఆడుతున్నారు. మా ఆయన కేకేసి ఆపాడు.

"ఈయన మనల్ని కొంటారట" అన్నాడు.

సాలేహ్ చెమట తుడుచుకుంటూ, "నన్ను కొంటే మా ఆవిణ్ణి కూడా తీసుకుపోవాలి బాపక్. విడివిడిగా అమ్మం" అన్నాడు. సాలేహ్ భార్య అక్కడే చేపలు తిరగేస్తోంది. "నన్ను అడక్కుండా బేరం పెట్టకు, నాకు రేటెక్కువ" అంది. సుబగ్యో గారు కూడా నవ్వారు. నవ్వి, నిజంగానే అడిగారు, "అయితే ఇది ఎవరిది కస్మాదీ?"

మా ఆయన ఎప్పుడూ వెంటనే జవాబు చెప్పే మనిషి. ఆ రోజు మాత్రం ముందు ఆడేవాళ్ళ వంక చూశాడు. తర్వాత అన్నాడు, "శుక్రవారం ఎవరొస్తే వాళ్ళది, బాపక్."

ఆ తర్వాత ప్రతి శుక్రవారం సుబగ్యో గారి ఫ్యాక్టరీ నుంచి ఒక ఐసు దిమ్మ మైదానానికి వచ్చేది. ఆయన పోయేదాకా వచ్చింది. సర్పిన్ దాని మీద కూర్చునేవాడు.

మైదానం ఎవరిదని అడిగారు. అది ప్రభుత్వ భూమి. 2003లో పోటు నీళ్ళు మొదటిసారి గోలు స్తంభాల దాకా వచ్చి నిలిచిపోయాయి. మా ఆయనకి అప్పటికే ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంటింటి నుంచీ మట్టి తెచ్చారు, బుట్టలతో, బియ్యం సంచులతో, పిల్లల స్నానం తొట్లతో. ఒకామె తన భర్త సమాధి పక్క మిగిలిన మట్టి తెచ్చింది, ఆయన కూడా ఇక్కడ ఆడినవాడే అని. మోకాలెత్తు లేపారు. మా ఆయన ఒక్క బుట్ట కూడా మోయలేదు. కుర్చీలో కూర్చుని అందరినీ తిట్టాడు, అంతే. నా కొడుకు యువోనో మోశాడు. భుజాలు చీరుకుపోయేదాకా మోశాడు. ఇది నా కొడుకు గురించి తప్పకుండా రాయండి.

మరుసటి ఏడు మా ఆయన పోయారు. శుక్రవారం కాదు, మంగళవారం. అయినా పడవలు వెళ్ళలేదు.

ఆ తర్వాత జట్టుని నడిపింది యువోనోనే. బస్సులు మాట్లాడటం, రెఫరీలని బతిమాలడం, దెబ్బ తగిలినవాణ్ణి ఆసుపత్రికి మోయడం, అన్నీ వాడే. పెళ్ళి కూడా ఆలస్యంగా చేసుకున్నాడు. బజారులో ఇప్పుడు వాణ్ణి దొంగ అంటున్నారు. వాడు దొంగ కాడు. నాలుగేళ్ళుగా మైదానం మళ్ళీ నీళ్ళలోనే ఉంది, ఈసారి మట్టికి లొంగడం లేదు. మా ఆటలు వేరే ఊళ్ళలో ఆడుతున్నారు. కుర్రాళ్ళు వెళ్ళిపోతున్నారు. జకార్తా కంపెనీ ఒకటి జట్టు పేరుతో సహా తీసుకుని కొండల దగ్గర ఊరికి మారుస్తామంది. యజమాని ఒక్కడే ఉంటేనే మాట్లాడతామంది. అందుకే వాడు ఈ దావా వేశాడు.

ఈ దావాకి ఎదురు నిలిచిన సర్పిన్ తరఫువాళ్ళు, జట్టుని స్థాపించింది సర్పిన్ అని చెప్పారట. అదీ నిజం కాదు. జట్టు మొదలైన మూడో ఏట సర్పిన్ వచ్చాడు. మొదటి ఆటలో మమ్మల్ని ఓడించిన వెలాహాన్ జట్టుకి గోల్‌కీపర్ ఆయనే. మా అమ్మ వండిన టెంపే కోసం ఇటు వచ్చేశాడని ఇప్పటికీ ఆటపట్టిస్తాం. ఆయనకి కోపం వస్తుంది. యాభై ఏళ్ళుగా నాకు తమ్ముడి లెక్క, అయినా చెప్పక తప్పదు.

నా కొడుకుతో ఏమైనా మాట్లాడానా అని అడిగిన మీదట చెబుతున్నాను. నిన్న పొద్దున వంటింట్లో మాట్లాడాం.

"ఇబూ, నాన్నదే అని ఒక్క మాట చెప్పు, చాలు" అన్నాడు.

"నాన్నదా?"

"కాదా మరి? ఆయన లేకపోతే జట్టు ఉండేదా?"

"ఉండేది కాదు."

"అదే చెప్పు."

"అది వేరే మాట రా."

వాడు చెయ్యి కడిగేసుకున్నాడు. పళ్ళెంలో అన్నం అలాగే ఉంది. తర్వాత అన్నాడు, "మునిగిపోతోంది ఇబూ. నువ్వూ చూస్తున్నావుగా. ఎక్కడో ఒకచోట బతికుండనీ."

వాడు చెప్పింది తప్పని నేను అనడం లేదు. ఆ పేరు లేకుండా పోతే వాడికన్నా నాకే ఎక్కువ బాధ. ఆ శుక్రవారాలు చూసినవాళ్ళలో మిగిలింది నేనూ సర్పినూ సాలేహ్ భార్యా. ఆమెకి ఇప్పుడు మనుషులు గుర్తు లేరు. ఆట ఉందంటే మాత్రం లేచి పందిళ్ళు జరపబోతుంది.

జట్టు నా భర్తదా కాదా అని న్యాయమూర్తి గారు సూటిగా అడిగిన మీదట చెబుతున్నాను. కాదు. నా భర్తది కాదు. ఆయన పేరు రాసిన కాగితం ఉంది, కానీ ఆయనది కాదు. ఆయనది కానిది నా కొడుక్కి రాదు. సర్పిన్‌దీ కాదు. మరి ఎవరిదని అడిగారు. ఆ రోజు సుబగ్యో గారికి మా ఆయన చెప్పిన మాటే నాకు తెలుసు. అంతకన్నా మంచి మాట నాకు రాదు.

ఈ మాటతో నా కొడుకు ఓడిపోవచ్చని నాకు తెలుసా అని అడిగారు. తెలుసు.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. ఒక చోట "నా భర్త జట్టు" అని రాశారు, కొట్టేయించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, నేను చూసినదీ విన్నదీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక్కటి కోరుతున్నాను. దీన్ని నా కొడుక్కి ఈ రోజు ఎవరూ చదివి వినిపించొద్దు. వాడు బయట బెంచీ మీద నా గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. దారిలో నేనే చెబుతాను.

సంతకం
తుమిరా