తెర మీద మొదటి పేరు

1988 ఎండాకాలం, మధ్యాహ్నం. మానుకోట స్టేషన్ రోడ్డులోని వీడియో గేముల దుకాణానికి మఫ్టీలో ఒక పోలీసు వచ్చి, మిషన్ ముందు నిలబడి యజమానిని అడిగాడు.

"ఏంది గీ కొట్లాట?"

"జపానోళ్ల కార్టూన్ కథ సార్. అండ్ల పహిల్వాన్లే ఇండ్ల కొట్లాడుతరు."

"గా వీరస్వామి, మీరు వీరు అని పిలిచెటోడు, రోజు గీడనే ఆడుతుండె గద. అడవిల అన్నలతోని కలిసినంక మల్ల వచ్చిండా?"

"రెండేండ్లాయె సార్, ఆయన మొకం చూడక."

"తెర మీద గీ పేర్లేంది?"

"ఎక్కువ గెలిచినోళ్లయి సార్. ఆడినోళ్లే తమ పేరు కొట్టుకుంటరు, మిషన్ యాది పెట్టుకుంటది."

"ఎన్ని రోజులు?"

"కరెంటు ఉన్నంతసేపే. పోతే అన్ని తుడిచిపెట్టుకపోతయి."

"ఇయ్యాల పొద్దుగాల పదింటిదాక ఊరంత కరెంటు లేకుండె గద?"

"లేకుండె సార్."

"మరి మొదటి పేరు ఇంగ్లీషుల 'వీరు' అని ఉన్నది. ఎవలు కొట్టిండ్రు?"

"గా పేరుగల్లోళ్లు మస్తుమంది సార్. జర కూసోండ్రి, చాయ్ తెప్పిస్త."

"చాయ్ వద్దు. జరుగు, మంచిగ చూడనియ్యి."

యజమాని కాలు మిషన్ వెనక్కి పోయింది. తెర నల్లబడింది.

"అరె, కరెంటు పోయింది సార్."

"మరి నీ నెత్తి మీద ఫ్యాను ఎట్ల తిరుగుతున్నది?"